మహారాజశ్రీ మీగడ గారి సముఖానికి

మీగడ గారికి, డైటింగ్ ఇంట్లో డైటింగ్ చేయకుండా బతుకుతున్న ఒక మనిషి నమస్కరించి రాసుకునే విన్నపం.

ముందుగా అభినందనలు, మళ్లీ పదవిలోకి వచ్చారు. కొన్నేళ్ల కిందటి దాకా కొలెస్ట్రాల్ మాట వినపడితే చాలు, ముందు మిమ్మల్నే అరెస్ట్ చేసేవాళ్లు. పాలు చల్లారగానే గరిటెతో పక్కకు లాగేసి, ఓ గిన్నెలో పడేసి, ఫ్రిజ్‌లో వెనక్కి నెట్టేవాళ్లు. అసలా గొడవే వద్దని 3 శాతం కొవ్వుండే టోన్డ్ ప్యాకెట్‌కి, అదీ ఎక్కువేనని ఒకటిన్నర శాతం డబుల్ టోన్డ్‌కి దిగిపోయాం. వాటి మీద కట్టే పొరని మీగడ అనడానికి నోరు రాదు. ఇప్పుడు అదే ఇంట్లో 6 శాతం ఫుల్ క్రీమ్ పాలు, విడిగా క్రీమ్ డబ్బాలు, వాటి మీద 'డైట్ వాళ్లకి మాత్రమే' అని మా వదిన చేతిరాతతో చీటీ. పిండిపదార్థాలు (కార్బ్స్) తగ్గించే లో కార్బ్ సర్కారు రాగానే అన్నం, చపాతీ, పంచదార లోపలికెళ్లాయి, మీరు బయటికొచ్చి నేరుగా మంత్రి అయ్యారు.

మీకిది కొత్తేం కాదనుకోండి. 1921లో అమెరికాలో మేయో క్లినిక్ డాక్టర్ రస్సెల్ వైల్డర్ మూర్ఛ రోగం కోసం ఈ కీటోజెనిక్ ఆహారాన్ని ప్రతిపాదించినప్పటి నుంచీ మీకు పనే. ఆ పద్ధతిలో ఒక గ్రాము పిండిపదార్థం, ప్రొటీన్ కలిపి తింటే దానికి నాలుగు గ్రాముల కొవ్వు తినాలి, మందులకు లొంగని మూర్ఛ ఉన్న పిల్లల చేత అంత కొవ్వు తినిపించడానికి మీరు తప్ప దిక్కు లేకపోయింది. అక్కడ మీది ఆసుపత్రి ఉద్యోగం, గౌరవంగా చేశారు. మన దగ్గర వీరమాచనేని రామకృష్ణ గారి వీఆర్కే డైట్ ఊపు మీద ఉన్నప్పుడు కూడా, రోజుకు 70 గ్రాములకు తగ్గకుండా కొవ్వు, నాలుగు లీటర్ల నీళ్లు, నిమ్మకాయలు అంటూ జనం కొబ్బరినూనె గుటకలేస్తుంటే మీరు పక్కన హుందాగా నిలబడ్డారు. నా ఫిర్యాదల్లా ఆ తర్వాతి సంగతి గురించే. భోజనం మానేసినవాళ్లకి స్వీటు గుర్తొచ్చింది, వచ్చి మీ మీద పడ్డారు. పాయసం మీరే అవ్వాలి, బాసుంది మీరే, కుల్ఫీ మీరే, రసమలై కూడా మీరే. ఇన్ని వేషాలెయ్యమంటే మీరెందుకు ఒప్పుకున్నారండీ?

మొన్న మా ఇంట్లో మీరు వేసిన సేమియా పాయసం వేషం చూశాను. సేమియా బదులు ఎండుకొబ్బరిని సన్నగా, పొడుగ్గా చెక్కిన తీగలు, పాల బదులు కొబ్బరిపాలు, మీరు ఓ కప్పు, యాలకులు, కుంకుమపువ్వు. మామూలు పాయసానికి చిక్కదనం వచ్చేది సేమియాలోంచి దిగే గంజి వల్ల, అది లేదు కాబట్టి వదిన రెండు గుడ్ల పచ్చసొన గిలకొట్టి పోసి, థర్మామీటర్ ముంచి మరీ సన్న సెగ మీద తిప్పుతూ కూర్చుంది. 85 డిగ్రీలు దాటిందంటే సొన ఉండలు కట్టేస్తుందట. తిప్పగా తిప్పగా చిక్కబడింది, రంగు కూడా అచ్చం పాయసమే, ఇంట్లో అందరికీ ఆశ పుట్టింది. మా అమ్మ ఓ చెంచా నోట్లో పెట్టుకుని కాసేపు ఆలోచించి, "కూర బాగుందమ్మాయ్, ఉప్పు మర్చిపోయినట్టున్నావ్" అంది. "అది పాయసం అత్తయ్యా" అని వదిన. "అలాగా, మరి నీచు వాసనేంటే?" అని అమ్మ. తర్వాత ఎవరూ ఏమీ మాట్లాడలేదు, మా అన్నయ్య మాత్రం రెండో గిన్నె తిన్నాడు, వాడికి ఇంకో దారి లేదు.

తప్పు మీది కాదని నాకు తెలుసు. పంచదార తీపికి మాత్రమే ఉందని ఈ డైట్ వాళ్ల నమ్మకం. ఐస్‌క్రీమ్‌లో నీళ్లన్నీ గడ్డకట్టకుండా ఆపి, చెంచా దిగేలా ఉంచేది కూడా పంచదారే. దాన్ని తీసేసి మిమ్మల్ని ఒక్కర్నే డీప్ ఫ్రీజర్‌లో పెడితే మర్నాటికి సుత్తి కావాలి. అందుకని అందులో ఓ స్పూను వోడ్కా కలపమని సలహా, వోడ్కా గడ్డకట్టదు కాబట్టి. శనివారం వెంకటేశ్వరస్వామికి ఒక్కపొద్దుండే ఇంట్లో కుల్ఫీ కోసం వోడ్కా కొనుక్కురమ్మని నన్ను పంపారు, వైన్ షాపు ముందు నిలబడి మా బాబాయికి ఎదురుపడ్డాను, 'వదిన వాళ్ల డైట్ కోసం' అంటే ఎవడు నమ్ముతాడు.

ఇక పంచదార కుర్చీలో కూర్చోబెట్టిన ఎరిత్రిటాల్ గారి గురించి మీకు నేను చెప్పాలా, రోజూ ఆయనతోనే కాపురం కదా. తీపి పంచదారలో మూడింట రెండు వంతులు, ధర మాత్రం దానికి ఎన్నో రెట్లు. వేడి మీద బుద్ధిగా మీలో కరుగుతాడు, ఫ్రిజ్‌లోకి వెళ్లగానే మళ్లీ పలుకులు కట్టి పళ్ల కింద గరగరలాడతాడు. మింగాక నాలుక మీద పుదీనా బిళ్ళ చప్పరించినట్టు చల్లదనం. జీడిపప్పు బాసుందిలో ఆ చల్లదనం ఎవరడిగారు? (జీడిపప్పులో వందకి 30 గ్రాముల కార్బ్స్ ఉంటాయి, ఆ సంగతి మా ఇంట్లో ఎవరికీ చెప్పకండి.) పైగా ఎంత వేయించినా ఎర్రబడడు, కాబట్టి క్యారమెల్ ఆశ కూడా వదులుకోవాలి.

బాసుంది అన్నాను కాబట్టి లెక్క కూడా చెప్తాను, ఈ డైట్ వాళ్లంతా లెక్కల్లో పులులు కదా. పాలల్లో పంచదార వేయకపోయినా వందకి సుమారు 5 గ్రాముల లాక్టోజ్ ఉంటుంది, లీటరుకు 50. పాలు మరిగితే పోయేది నీళ్లే, లాక్టోజ్ ఎక్కడికీ పోదు. లీటరు గేదెపాలని కోవా చేస్తే దాదాపు 200 గ్రాములొస్తుంది, ఆ కాస్తలో 50 గ్రాముల కార్బ్స్ కూర్చుంటాయి, అంటే కీటో వాళ్ల రోజు కోటా మొత్తం. 'పంచదార వెయ్యలేదు, ఉత్త కోవానే' అని నాలుగు ఉండలు నోట్లో వేసుకునే మా బావగారికి ఈ లెక్క చెప్తే, "అది నేచురల్ షుగరోయ్" అన్నారు. ఆయనకి తాటిబెల్లం, తేనె, ఖర్జూరం కూడా నేచురలే. ఖర్జూరంలో మూడొంతుల దాకా పంచదారే ఉందంటే దానికీ ఆయన దగ్గర జవాబుంది: "ఎడారిలో ఒంటెలు నడిపేవాళ్లకి షుగర్ వస్తుందా?" ఇంత తెలివైన మనిషికి మీ అవసరం కూడా లేదు.

క్రీమ్ గిలకొట్టే తంతు ఇంకోటి. మామూలు డబ్బా ఫ్రెష్ క్రీమ్‌లో కొవ్వు 25 శాతం, అది నురగై నిలబడాలంటే కనీసం 30 దాటాలి. ఆ సంగతి చూడకుండా అరగంట బీటర్ తిప్పి, 'మీగడ గారు మొండికేశారు' అని మీ మీద నింద. 35 శాతం ఉన్నది తెచ్చినవాళ్లు ఇంకో నిమిషం ఎక్కువ తిప్పి వెన్న తీసేస్తారు, వెన్న చేతిలో ఉన్నాక తెలుగింట్లో ఏమవుతుందో మీకు తెలియనిదా, మూకుడు పొయ్యి ఎక్కుతుంది, తమలపాకు పడుతుంది. డెజర్ట్ అని మొదలెట్టి నెయ్యి దగ్గర తేలిన సాయంత్రాలు మా కాలనీలో చాలానే ఉన్నాయి.

వరలక్ష్మీ వ్రతం నాడు అమ్మవారికి బెల్లం పరమాన్నం, పక్క గిన్నెలో డైట్ వాళ్లకి మీతో చేసిన పరమాన్నం. హారతి అయ్యాక అందరూ అమ్మవారి గిన్నె దగ్గరే చేరారు. ప్రసాదానికి కార్బ్స్ లెక్కెయ్యకూడదట, కళ్ళు పోతాయట. మీ గిన్నె సాయంత్రం దాకా అలాగే ఉంది, మీకెలా అనిపించిందో గానీ నాకు మాత్రం మండింది.

అందుకే చెప్తున్నాను, ఆ వేషాలు మానేయండి. మీ బంధువు జున్ను గారిని చూసి నేర్చుకోండి. ఈనిన గేదె తొలి పాలు, వాటిలో లాక్టోజ్ మామూలు పాలకన్నా తక్కువ, ప్రొటీన్ ఎక్కువ, వేడి తగలగానే గంజీ గుడ్డూ లేకుండా ఆయనంతట ఆయనే గడ్డకడతాడు. బెల్లం కాస్త తగ్గించి, మిరియాలు ఓ చిటికెడు ఎక్కువేసినా ఎవరూ నొచ్చుకోరు. 'నేను ఫలానా కేకులా ఉంటాను' అని ఆయన ఏనాడూ చెప్పుకోలేదు, మేమూ అడగలేదు. మీరూ అంతే, చల్లటి గిన్నెలో, పైన కాస్త యాలకుల పొడి, వేయించిన బాదం నాలుగు పలుకులు, పేరు మీగడ, ఊరు మీగడ. పాయసం అనకపోతే మా అమ్మ కూడా రెండు చెంచాలు తింటుంది, నాది పూచీ.

ఒప్పుకుంటే సరే, లేదంటే వచ్చే ఆదివారం వదిన మిమ్మల్ని కీటో డబుల్ కా మీఠా చేయబోతోంది. బ్రెడ్డు బదులు పనీరట.

ఇట్లు,
మీ పాత అభిమాని

తా.క.: ఎరిత్రిటాల్ అయిపోయిందని అన్నయ్య ఈసారి జైలిటాల్ తెచ్చాడు. మీకేం కాదు గానీ, అది కుక్కలకు విషం. గిన్నె అడుగున మిగిలింది మా టైగర్‌కి పెట్టే అలవాటు ఇంట్లో అందరికీ ఉంది కాబట్టి, డబ్బా నా బీరువాలో పెట్టి తాళం వేశాను. వెతుక్కుంటుంటే తెలియనట్టు ఉండండి.