సందేహం, కార్బన్ కాపీతో సహా

బరంపురంలో ఒక కవిగారు, పర్లాకిమిడిలో ఒక కథకుడుగారు ఉన్నారు. దేవుడు ఉన్నాడా లేడా అని ఉత్తరాల్లో వాదించుకోవడం వీరి వృత్తి. కవిత్వం, కథ ప్రవృత్తి. కవిగారిది సందేహం, కథకుడిగారిది నమ్మకం. 50 పైసల కార్డు మీద దేవుణ్ణి కొట్టేయడానికి చోటు చాలక కవిగారు ఇన్‌లాండ్ లెటర్‌కి మారారు. అదీ చాలకపోతే మార్జిన్లో నిలువుగా ఖండిస్తారు. ఎంత ఖండించినా కాగితం నెత్తిన 'శ్రీ' మాత్రం పడుతుంది. అది అలవాటే తప్ప అభిప్రాయం కాదట.

బరంపురంలో రెండేళ్లకోసారి ఠాకురాణి యాత్ర, అంటే ఊరి అమ్మవారి జాతర. మొక్కుకున్నవాళ్లు వేషాలు కడతారు. మనవడికి జ్వరం తగ్గిన ఏడాది కవిగారు ఒళ్లంతా రంగు పూయించుకుని పులివేషం కట్టారు. తర్వాతి ఉత్తరంలో దాన్ని 'జానపద కళల క్షేత్ర పరిశీలన' అన్నారు. కథకుడుగారూ తక్కువ తినలేదు. శివరాత్రికి మహేంద్రగిరి నడిచి ఎక్కబోయి, ఆ 1,501 మీటర్ల కొండ మీద మోకాళ్లు పట్టేసినప్పుడు, పరశురాముడు అసలు అక్కడున్నాడా అని ఆయనకొచ్చిన అనుమానం ముందు కవిగారి జన్మానుమానం ఏపాటి? ఉత్తరంలో మాత్రం 'దర్శనం దివ్యంగా జరిగింది' అని రాశారు.

దేవుడి సంగతి అలా ఉంచితే, కంటికి కనబడని శక్తినొకదాన్ని ఇద్దరూ నమ్ముతారు. ఆయన పేరు భావి పరిశోధకుడు. వందేళ్ల తర్వాత వచ్చి ఈ ఉత్తరాల మీద డాక్టరేట్ చేస్తాడు. అందుకే ప్రతి ఉత్తరానికీ కార్బన్ కాపీ తీసి, ట్రంకుపెట్టెలో దాస్తారు. ఆయన పొరబడకుండా 'ఇది హాస్యంగా గ్రహించాలి' అని అక్కడక్కడా నోట్ కూడా పెడతారు.

1936 ఏప్రిల్ 1న ఈ రెండు ఊళ్లూ కొత్త ఒరిస్సా రాష్ట్రంలో కలిశాయి. ఇద్దరి మనవలూ ఇంట్లో గలగలా తెలుగు మాట్లాడతారు. చదువు ఒడియాలో, ఇంగ్లిష్‌లో. తాతగారి ఉత్తరం చేతికిస్తే ఏ వైపు పైకి పట్టుకోవాలో తెలియదు. అయినా పరిశోధకుడు వచ్చి తీరతాడు. పరశురాముడికైనా ఇంత గట్టి భక్తులు దొరకలేదు.

ఇప్పుడా ఉత్తరాలు పుస్తకంగా వస్తున్నాయి. ఖర్చు చెరిసగం, ముందుమాట నాది. సాహిత్యంలో సందేహానికే గిరాకీ అని తెలిసి, తనని కూడా 'తీవ్ర సంశయవాది' అనమని కథకుడుగారు విడిగా ఫోన్ చేశారు. అట్ట మీద ఎవరి పేరు ముందుండాలన్న దగ్గర అసలు టెన్షన్ మొదలైంది. చీటీలు వేద్దామన్నాను. బుఢీ ఠాకురాణి గుడిలో అయితే సరేనని కవిగారు వెంటనే ఒప్పుకున్నారు. కథకుడుగారు ససేమిరా అన్నారు.

"ఆ తల్లి బరంపురం మనిషి కదండీ, వాళ్ల ఊరివాడి చీటీయే తీస్తుంది."