ముందు బ్రేకు: పట్టూ విడుపూ

మన ఇళ్లలో బండి నేర్చుకునే ప్రతి కుర్రాడికీ మొదటి రోజే ఒక జాగ్రత్త చెబుతారు: ముందు బ్రేకు జోలికి పోకు, పల్టీ కొడతావు. ఆ పల్టీని కావాలనే సగం దాకా తెచ్చి, అక్కడ నిలిపి, వెనక చక్రాన్ని మళ్లీ నేలకు దించడమే స్టాపీ. హైదరాబాద్‌లో రాయదుర్గం, టీ-హబ్ పరిసరాల్లోని వెడల్పాటి రోడ్ల మీద రాత్రిపూట కుర్రాళ్లు బైకు స్టంట్లు చేయడం, పోలీసులు వచ్చి బండ్లు పట్టుకుపోవడం, ఆ వీడియోలు ఫోన్లలో తిరగడం కొన్నేళ్లుగా నడుస్తున్న తంతు. దీనిపై జరిగే చర్చ కుర్రకారు తెగింపు, తల్లిదండ్రుల గారాబం, పోలీసుల నిఘా లోపం అనే మూడు మాటలు దాటి ముందుకు పోదు. వాళ్లు అసలు ఏం నేర్చుకుంటున్నారు, దాన్ని రోడ్డు మీదే ఎందుకు నేర్చుకుంటున్నారు అని అడిగేవారు తక్కువ. స్టాపీ రోడ్డు మీద చేయాల్సిన పని కానే కాదు, అందులో నాకు సందేహం లేదు. అయితే దానికి పునాదిగా ఉన్న బ్రేకు విద్య బండి నడిపే ప్రతి ఒక్కరికీ రావాల్సినది, దాన్ని మన లైసెన్సు వ్యవస్థ దాదాపు ఎవరికీ నేర్పడం లేదు.

బ్రేకు వేసినప్పుడు బండి బరువు ముందుకు వాలుతుంది. వెనక చక్రం తేలికపడుతుంది, ముందు చక్రం మీద భారం పెరుగుతుంది. భారం ఎంత ఉంటే టైరుకు నేల మీద అంత పట్టు దొరుకుతుంది కాబట్టి, గట్టిగా ఆపాల్సి వచ్చినప్పుడు అసలు పని చేసేది ముందు బ్రేకే. ఒక మామూలు బైకుకు రెండు చక్రాల మధ్య దూరం సుమారు 1.35 మీటర్లు అనుకుందాం. నడిపే మనిషితో కలిపి గరిమనాభి, అంటే బరువంతా ఉన్నట్టు లెక్కించే బిందువు, నేలకు 65 సెంటీమీటర్ల ఎత్తున, ముందు చక్రం నేలను తాకే చోటికి దాదాపు అంతే దూరం వెనక ఉందనుకుంటే, వేగం తగ్గే రేటు గురుత్వ త్వరణాన్ని చేరుకున్న క్షణాన వెనక చక్రం నేలను వదిలేస్తుంది. బండి మొత్తం బరువుతో దీనికి సంబంధం లేదు, ఆ ఎత్తుకూ ఈ దూరానికీ ఉన్న నిష్పత్తి మీదే అంతా ఆధారపడి ఉంటుంది. పొడవుగా, నేలకు దగ్గరగా ఉండే క్రూయిజర్ బండ్లలో వెనక చక్రం లేచే లోపే ముందు టైరు జారిపోతుంది. తడి రోడ్డు మీదా, ఇసుక మీదా ఏ బండికైనా జరిగేది అదే. అంటే పెద్దలు భయపెట్టే ఆ పల్టీ, టైరుకు గట్టి పట్టు దొరికే పొడి రోడ్డు మీద తప్ప అంత తేలిగ్గా జరిగేది కాదు. వానలో ముందు బ్రేకు ఒక్కసారిగా పిండినవాడు పల్టీ కొట్టడు, చక్రం బిగుసుకుపోయి పక్కకు పడతాడు. జాగ్రత్త చెప్పడం సరే, చెప్పిన కారణమే తప్పు.

ఆ తప్పు ఖరీదు కూడా లెక్క కట్టవచ్చు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో, పొడి తారు రోడ్డు మీద వెనక బ్రేకు ఒక్కటే తొక్కితే బండి ఆగడానికి పై కొలతల ప్రకారం 40 మీటర్లు దాటుతుంది. రెండు బ్రేకులనూ సరిగ్గా వాడితే అందులో సగం దూరం కూడా పట్టదు. అడ్డంగా తిరిగిన ఆటోకు ముందే ఆగడమా, దాన్ని గుద్దుకోవడమా అన్నది తేలేది ఆ మిగిలిన దూరంలోనే. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన 1,68,491 మందిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారే. వారిలో ఎందరు బ్రేకు సరిగ్గా వాడక పోయారో చెప్పే లెక్క కాదిది. అయినా ఆ అంకె చూశాక, బండి ఆపడం కూడా నేర్చుకోవాల్సిన విద్యేనని ఒప్పుకోక తప్పదు.

ఇప్పుడు స్టాపీ నేర్చుకునేవాడి చేతిని దగ్గరగా చూద్దాం. తిన్నగా వస్తూ, క్లచ్ పట్టి, ఒకటి లేదా రెండు వేళ్లతో ముందు బ్రేకు లివరును మొదట కొద్దిగా పిండుతాడు. ముందు చక్రాన్ని పట్టుకున్న ఫోర్కులు దిగుతాయి, టైరు నేలకు అదుముకుంటుంది. ఆ తర్వాతే పట్టు పెంచుతాడు. ఈ రెండు దశల మధ్య ఉన్నది సెకనులో చిన్న భాగమే అయినా, అసలు విద్యంతా అక్కడే ఉంది. ఆ తొలి మెత్తని పట్టు లేకుండా ఒకేసారి పిండితే, భారం ముందుకు వచ్చే లోపే చక్రం బిగుసుకుంటుంది. మోకాళ్లు ట్యాంకును అదిమి పట్టకపోతే ఒంటి బరువంతా చేతుల మీదికి వచ్చి హ్యాండిల్ వంకర తిరుగుతుంది. చూపు ముందు చక్రం మీదికి దిగితే మనిషి కూడా అటే వాలతాడు.

వెనక చక్రం లేచాక పరిస్థితి పూర్తిగా మారిపోతుంది. ముందు చక్రాన్ని గాలిలోకి లేపి నడిపే వీలీలో ఆ చక్రం మరీ పైకి పోతే వెనక బ్రేకు తొక్కి దించవచ్చు. స్టాపీలో అలాంటి రెండో బ్రేకు లేదు, ఎందుకంటే వెనక చక్రం గాలిలో ఉంది. ఉన్న ఒకే ఒక్క దారి ముందు లివరును సడలించడం. భయం వేసినప్పుడు మనిషి పిడికిలి దానంతటదే బిగుస్తుంది, ఇక్కడ బిగిస్తే హ్యాండిల్ మీదుగా బోర్లా పడతాడు. పూర్తిగా వదిలేసినా చక్రం దబ్బున నేలకు కొట్టుకుని బండి అదుపు తప్పే ప్రమాదం ఉంది కాబట్టి, వదలడంలోనూ కొలత కావాలి. చూసేవారికి చక్రం ఎంత ఎత్తు లేచిందన్నదే కనిపిస్తుంది. నేర్చుకునేవాడు మాత్రం రోజుల తరబడి సాధన చేసేది, కంగారులో బిగుసుకునే వేళ్లను తన మాట వినేలా చేసుకోవడమే. నడిరోడ్డు మీద కుక్క అడ్డం వచ్చినప్పుడు ఆఫీసుకు వెళ్లే ఉద్యోగికి కావాల్సింది కూడా అదే.

ఈ పోలిక కల్పించినది కాదనడానికి టోప్రాక్ రజ్‌గట్లియోగ్లు మంచి ఉదాహరణ. టర్కీకి చెందిన ఈ రైడరు 2021, 2024, 2025 సంవత్సరాల్లో సూపర్‌బైక్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ఇతరులకన్నా ఆలస్యంగా, వెనక చక్రం గాలిలో తేలుతుండగా బ్రేకు వేస్తూ మలుపులోకి దిగడం అతని పేరు చెబితే గుర్తొచ్చే సంగతి. అతని తండ్రి ఆరిఫ్ స్టంట్ రైడరు, ఒంటి చక్రం ఆరిఫ్ అనే పేరు మీదే ప్రసిద్ధుడు. కొడుకు కూడా స్టంట్లు చేస్తూనే పెరిగాడు. స్టంట్లు చేసినవారంతా ఛాంపియన్లు అవుతారని దీనికి అర్థం కాదు. ముందు టైరు ఎంత వరకు భరిస్తుందో చేతికి తెలియడం, ఆటలోనైనా పోటీలోనైనా ఒకే రకం జ్ఞానమని మాత్రం ఇది చూపిస్తుంది.

మన దగ్గర లైసెన్సు పరీక్షలో ఏం చూస్తున్నారు? ఎనిమిది వేయిస్తారు. కాలు కింద పెట్టకుండా, నడక కన్నా కాస్త ఎక్కువ వేగంతో ఎనిమిది అంకె చుట్టూ తిరిగితే సగం పని అయిపోయినట్టే. ఆ వేగంలో, ఆ మలుపులో వాడాల్సింది వెనక బ్రేకే కాబట్టి, ముందు బ్రేకును వేలితో తాకకుండానే పరీక్ష నెగ్గవచ్చు. అత్యవసరంగా బండి ఆపగలగాలని నిబంధనల్లో రాసి ఉంది, మైదానంలో దాన్ని వేగం మీద పరీక్షించడం మాత్రం అరుదు. బ్రిటన్‌లో 2009 నుంచి ఉన్న పరీక్షలో అభ్యర్థి గంటకు కనీసం 50 కిలోమీటర్ల వేగంతో వచ్చి, పరీక్షకుడు చెయ్యెత్తగానే అదుపు తప్పకుండా ఆపి చూపాలి. దీనికి కావాల్సింది పొడవాటి తారు పట్టీ, నాలుగు కోన్లు, వేగం కొలిచే పరికరం.

శిక్షణ ఇస్తే దూకుడు పెరుగుతుందన్న అభ్యంతరాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. నార్వేలో జారుడు రోడ్ల మీద కారు అదుపు చేయడం నేర్పాక, యువకుల్లో ప్రమాదాలు తగ్గాల్సింది పోయి పెరిగాయని పరిశోధకులు తేల్చారు. చేతనవునన్న ధీమా వచ్చిన చోట జాగ్రత్త సడలుతుంది. అందుకే స్టాపీని లైసెన్సు శిక్షణలో చేర్చమని నేను అనను. అందరికీ నేర్పాల్సింది తిన్నగా, తక్కువ దూరంలో ఆపడం వరకే. వెనక చక్రం లేపాలన్న కోరిక ఉన్నవారికి కావాల్సింది వేరే చోటు.

ఆ చోటు లేకపోవడమే మన సమస్యలో రెండో భాగం. పోలండ్‌లోని బిడ్గోష్ లాంటి నగరాల్లో స్టంట్ పోటీలు టికెట్లు పెట్టి జరుగుతాయి. మనకు దగ్గరలో పద్ధతిగా రైడింగ్ నేర్చుకోవాలంటే చెన్నై శివార్లలోని ట్రాకుకు వెళ్లాలి, ఆ ఖర్చు డెలివరీ బండి నడిపే కుర్రాడికి అందదు. 2023 ఫిబ్రవరి 11న ఫార్ములా-ఈ అనే విద్యుత్ కార్ల పోటీ కోసం హుస్సేన్‌సాగర్ ఒడ్డున రోడ్లు మూసి, గోడలు కట్టి, గ్యాలరీలు వేయగలిగిన నగరంలో, బైకు బ్రేకు సాధనకు వంద మీటర్ల మైదానం చూపించలేమంటే నమ్మశక్యం కాదు. మరోవైపు బైకు కంపెనీలు మన పట్టణాల్లోనే వృత్తి రైడర్లతో స్టంట్ షోలు పెట్టి, ఇవి మీరు చేయకండి అని మైకులో చెప్పి వెళ్లిపోతాయి. ఆ మాట విన్న పదిహేడేళ్లవాడు ఆ రాత్రి ఎక్కడికి వెళతాడో ఊహించడం కష్టం కాదు. అతను మైనరు కాబట్టి, 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 199ఎ సెక్షన్ కింద బండి యజమానికి, సంరక్షకుడికి మూడేళ్ల దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా పడవచ్చు, అతనికి 25 ఏళ్లు నిండే వరకు లైసెన్సు రాదు. చట్టంలో కొరత లేదు. ఇతరుల ప్రాణాల మీదికి తెచ్చే చోట అది కఠినంగా ఉండాలన్నదే నా మాట కూడా.

ఇక బండే జాగ్రత్తపడే ఏర్పాట్లు వచ్చాయి. 2019 ఏప్రిల్ 1 నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లకు ఏబీఎస్, అంటే బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు, తప్పనిసరి చేశారు, 125 సీసీ, అంతకు తక్కువ వాటికి ఒక బ్రేకు వేస్తే రెండో చక్రానికీ కొంత పడే ఏర్పాటైనా ఉండాలన్నారు. జనం ముందు బ్రేకు పట్టరన్న సంగతిని ప్రభుత్వం ఇలా ఒప్పుకుందని నాకనిపిస్తుంది, నేర్పలేక బండిలోనే కలిపి పెట్టారు. ఏబీఎస్ ఉన్న బండి మీద స్టాపీ సరిగ్గా కుదరక, స్టంట్ కుర్రాళ్లు దాని ఫ్యూజు పీకేస్తారు. సాధన అయ్యాక తిరిగి పెట్టడానికి చాలామందికి ఓపిక ఉండదు. మరుసటి రోజు అదే బండి మీద చెల్లెలిని కాలేజీలో దింపుతారు, తమ్ముడికి ఇస్తారు, వానలో ఊరికి వెళతారు. తనిఖీల్లో సైలెన్సరు, నంబరు ప్లేటు చూసే పోలీసులు ఆ పీకిన ఫ్యూజును అడగడం లేదు. బండి కదిలి కాస్త వేగం అందుకున్నాక కూడా మీటరులో ఏబీఎస్ దీపం వెలుగుతూనే ఉంటే ఆ రక్షణ పనిచేయడం లేదని అర్థం, ఫ్యూజు పీకితే తనిఖీలో తెలిసిపోయే సంగతే అది.