లైవ్‌లో మూడు ముద్దులు

వెనుకట హన్మకొండలో డాక్టర్ ముఖం చూడాలంటే పొద్దుగాల్నే పోయి టోకెన్ తీసుకోవాలి. మందుల కంపెనీ రిప్రజెంటేటివ్‌లు ఒక్కొక్కరే లోపలికి దూరుతుంటే గుడ్లప్పగించి కూర్చోవాలి. తీరా మన వంతు వస్తే రెండు నిమిషాలు, అందులో ఒకటి బీపీకే సరి. ఇప్పుడు ఆ డాక్టరే రాత్రి తొమ్మిదింటికి మన మంచం మీదికి వస్తున్నాడు, ఇన్‌స్టాగ్రామ్ లైవ్‌లో, మెడలో స్టెతస్కోప్‌తో సహా. సొంత ఇంట్లో సోఫా మీద కూర్చున్న మనిషికి స్టెతస్కోప్ ఎందుకో నాకైతే అంతుబట్టదు.

వస్తే మంచిదే. కాకరకాయ రసం తాగి షుగర్ గోళీలు బంద్ పెట్టమని వాట్సాప్‌లో తోలే పెద్దమనుషుల కంటే, "గోళీలు మానకండి" అని రీల్ చేసే డాక్టర్ వెయ్యి రెట్లు నయం. చిక్కంతా లైవ్ కింద వచ్చే ప్రశ్నలతోనే. "సార్, కళ్లద్దాలు ఎక్కడ కొన్నరు" నుంచి "మా బామ్మర్దికి సంబంధం చూడండి" దాకా అన్నీ అక్కడే.

మా బాపు ఈ డాక్టర్‌కు వీరాభిమాని. సంక్రాంతికి సకినాలు, గరిజెలు మొహమాటం లేకుండా తిన్నాడు, నీళ్ల దగ్గర మాత్రం మొహమాటపడ్డాడు. పండుగ పోయిన నాలుగో రోజు రాత్రి లైవ్ మొదలైంది. బాపు ఫోన్‌లో డేటా అయిపోయింది. ఛార్జింగ్‌కు పెట్టిన కోడలి ఫోన్ అందుకున్నాడు. అందులో తెరిచి ఉన్నది మా ఆవిడ చీరలమ్మే పేజీ. గద్వాల, పోచంపల్లి, నారాయణపేట. చూసేవాళ్లలో సగం మంది చుట్టాలు, మిగతా సగం చుట్టాల చుట్టాలు.

బాపు టైప్ చేయడు. మైకు గుర్తు నొక్కి, అవతల డాక్టర్‌కు వినబడాలన్నట్టు గొంతెత్తి, "డాక్టర్ సాబ్ నమస్తే, మూడొద్దుల సంది కడుపు ఖాళీ అయితలేదు" అన్నాడు. పక్కింటోళ్లకు విషయం పూర్తిగా అర్థమైంది. ఫోన్‌కే కాలేదు. పుస్తకాల తెలుగు నేర్చిన మైకుకు మన ఒద్దులంటే రోజులని ఎట్లా తెలుస్తుంది? "మూడు ముద్దుల సంధి కడుపు ఖాళీ అయితలేదు" అని రాసింది. బాపు అద్దాలు పెట్టుకోకుండానే పంపేశాడు.

"కలెక్షన్స్ గారు అడుగుతున్నారు... మూడు ముద్దుల..." డాక్టర్ ఆగి, నీళ్ల గ్లాసు అందుకున్నాడు. గొంతు సవరించుకొని, "అమ్మా, కడుపుతో ఉంటే గైనకాలజిస్ట్‌కు చూపించుకోండి. లైవ్‌లో మందులు చెప్పను" అన్నాడు.

కాకతీయ మెడికల్ కాలేజీలో హౌస్ సర్జన్ చేస్తున్న మా అన్న కొడుకు అక్కడే ఉన్నాడు. "ఆయన చెప్పింది కరెక్టే తాతా. 2020 టెలిమెడిసిన్ రూల్స్ ప్రకారం పేషెంట్ ఎవరో, వయసెంతో తెలువకుండ మందు రాయొద్దు. 2023 ఆగస్టుల మెడికల్ కమిషన్ సోషల్ మీడియకు కూడ రూల్స్ తెచ్చింది. అందరి ముంగట వైద్యం చెప్పొద్దు, లైకులు కొనుక్కోవద్దు అని. ఆ నెల దాటకముందే పక్కకు పెట్టిన్రనుకో."

"లైకులు సుత అమ్ముతరార?"

"అది పోనీ. నువ్వు నీళ్లు తాగు, కూరగాయలు తిను, జర నడువు. ఐరన్ గోళీలు ఏమన్న ఏసుకుంటున్నవా? వాటితోని కూడ గట్టిపడ్తది."

బాపు వాణ్ని కింది నుంచి మీదికి చూశాడు. "నీకెంతమంది ఫాలోవర్లున్నర్ర?"

వాడు నోరు మూసుకున్నాడు. అయిదున్నరేళ్ల చదువు అక్కడితో చెల్లు.

ఈలోగా కోడలికి వచ్చిన అపవాదును తుడిచేయాలని బాపుకు తోచింది. ఆయన మనసు మంచిదే. మళ్లీ మైకు నొక్కి, ఈసారి ఒక్కో మాట ఒత్తి పలికాడు: "కడుపు నాది. కోడలిది కాదు."

మైకు ఒక్క అక్షరం తప్పు పోకుండా రాసింది. చీరల పేజీ పేరు మీద.

ఇక ఫోన్లు. పరకాల నుంచి ఒకటి, హసన్‌పర్తి నుంచి ఒకటి. వంటింట్లో ఉన్న మా ఆవిడ ఏమీ తెలియక, అన్నీ ఆర్డర్లే అనుకొని సంబురంగా ఎత్తింది. ఒకామె ఎన్నో నెల అని అడిగింది, ఇంకొకామె శ్రీమంతానికి పెట్టే చీరల ధర అడిగింది. అంతలో హుజూరాబాద్ నుంచి మా చిన్నమ్మ నేరుగా అమ్మకే ఫోన్ చేసింది. "అక్కా, అరవై దాటినంక గిదేందే? సిగ్గు లేదానే మీకు?"

అమ్మ అంతా విన్నది. ఒక్క మాట బదులు చెప్పకుండా ఫోన్ తీసుకొచ్చి బాపు చేతిలో పెట్టింది.

"ఇగో, కడుపున్నాయన ఈడనే ఉన్నడు. ఆయన్నే అడుగు."