బర్రె దిగే చెరువు ఏది?

ఎండలు ముదిరి పాలు తగ్గినప్పుడల్లా పాడి రైతుకు అవే సలహాలు: కొట్టంలో ఫ్యాన్లు పెట్టు, నీటి తుంపర చల్లే ఫాగర్లు బిగించు, దాణా మార్చు. రెండు బర్రెలున్న మనిషికి ఇవి చెప్పి చేతులు దులుపుకుంటే ఎలా? మన ఉత్తర తెలంగాణలో పశువులు ఈ మారిన వాతావరణాన్ని తట్టుకోవాలంటే ముందు ఊరి ఉమ్మడి భూమి సంగతి తేలాలి. చెరువు శిఖం (చెరువు నిండితే నీళ్లు పరుచుకునే భూమి), బంచరాయి (ఊరి పశువులు మేసే భూమి) ఎవరి చేతిలో ఉన్నాయో తేలకుండా చేసేవన్నీ పైపూతలే.

బర్రెనే తీసుకోండి. నల్ల తోలు ఎండను పట్టేస్తుంది, చెమట గ్రంథులేమో ఆవుకంటే చాలా తక్కువ, అందుకే పొద్దెక్కితే చాలు మడుగు వెతుక్కుంటుంది. పరకాల దగ్గర మా మేనత్త వాళ్ల ఊర్లో ఒకప్పుడు మే నెల మధ్యాహ్నం చెరువులో ముక్కులు, కొమ్ములే కనిపించేవి. సాయంత్రం గట్టెక్కేసరికి ఒంటి మీద బురద ఎండి బూడిద రంగుకు తిరిగేది, ఎండకూ ఈగలకూ ఆ పూతే అడ్డం. ఇప్పుడు అవే బర్రెలు రేకుల కొట్టంలో నోరు తెరిచి రొప్పుతున్నాయి. చెరువులో నీళ్లున్నాయి, దిగడానికే దారి లేదు: ఒకవైపు శిఖంలో వరి, ఇంకోవైపు కడీలు పాతి కంచె. మొన్నటి ఎండకాలం బోరు నీళ్లు బకెట్లతో చల్లుతూ "నీళ్లు తాపుడు వేరు, నీళ్లల్ల పండవెట్టుడు వేరు బిడ్డా" అంది మేనత్త. పూటకు మూడు లీటర్లిచ్చే బర్రె లీటరున్నరకు దిగింది. అంతకంటే పెద్ద దెబ్బ ఇంకోటుంది. వేడికి బర్రె మూగ ఎదకు వస్తుంది, అరవదు, మనం గుర్తుపట్టేలోపు చూలు కట్టడానికి సూది వేయించే అదను దాటిపోతుంది. ఈత వెనక్కి పోతే ఆ ఇంటికి నెలల తరబడి పాల డబ్బులు ఉండవు.

మేపే కాలం పోయింది, ఇక సంకర జాతి ఆవులు, షెడ్లు, పాతరేసిన పచ్చిమేత సైలేజీయే దారి అనేవాళ్లున్నారు. సొంత బోరు, పెట్టుబడి ఉన్నవాళ్లకు అది నడుస్తుంది, కాదనను. కానీ ఎండకు ముందు కుదేలయ్యేది ఆ హెచ్ఎఫ్ (విదేశీ హోల్‌స్టీన్ ఫ్రీజియన్ జాతి) సంకర ఆవులే, మధ్యాహ్నం కరెంటు పోతే వాటి పరిస్థితేంటి?

రైతు తన చేతిలో ఉన్నది చేసుకోవాలి, నిజమే. ఎండుగడ్డి అరిగేటప్పుడు పొట్టలో వేడి పుడుతుంది కాబట్టి దాన్ని తెల్లవారుజామున, రాత్రిపూట వేయాలి. హార్వెస్టర్ కోసి వదిలేసిన వరిగడ్డిని తగలబెట్టకుండా కట్టలు కట్టించుకోవాలి. కొట్టం పక్కన రెండు అవిసె చెట్లు పెంచుకోవాలి. కానీ చెరువుకు దారి ఒక్క రైతు వేసుకునేది కాదు కదా.

గొర్రెల సంగతీ ఇదే. 2017లో 75 శాతం సబ్సిడీతో గొల్లకురుమలకు 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున యూనిట్లు ఇచ్చారు. 2019 పశుగణనలో కోటీ 90 లక్షల గొర్రెలతో దేశంలో మనమే మొదటి స్థానం. మరి అవి ఎక్కడ మేయాలి? బంచరాయి ప్లాట్లయింది, పత్తి చేనైంది. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజే దాదాపు 650 మిల్లీమీటర్ల వాన పడింది. అలాంటి రాత్రి మందను తోలుకుపోవడానికి ఊరికో మెరక జాగా ఉండొద్దా?

చట్టం మనవైపే ఉంది. పంజాబ్‌లో ఓ ఊరి చెరువు ఆక్రమణ కేసులో 2011లోనే సుప్రీంకోర్టు గ్రామ ఉమ్మడి భూములను ఖాళీ చేయించి పంచాయతీలకు అప్పగించాలని అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. మన దగ్గర 2015లో మిషన్ కాకతీయ కింద చెరువుల్లో పూడిక తీశారు, మంచిదే. శిఖం హద్దులు కూడా అంత పట్టుదలతో తేల్చాల్సింది. గ్రామసభలో సిమెంటు రోడ్లు అడిగినంత గట్టిగా సర్వే అడగాలి, హద్దురాళ్లు పాతించాలి, పశువులకు రేవు విడిపించాలి.

మేనత్త వాళ్ల ఊరికి కావాల్సింది అలుగు పక్కన ఒక బండి పట్టేంత దారి. వచ్చే ఎండకాలంలోపు కావాలి.