కుట్టు మిషను సరే, జైలు గేటు దాటాక?

మహిళా ఖైదీల పునరావాసం అనగానే అధికారులు చూపించేది కుట్టు మిషన్ల గది. అగరుబత్తీలు, బేకరీ, అల్లికలు ఆ తర్వాత. ఇవి వద్దని ఎవరూ అనరు. కానీ దేశంలోని ఖైదీలలో నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలే. రేపు బెయిలు వస్తుందో, ఏడాది పడుతుందో తెలియని మనిషిని ఆరు నెలల శిక్షణలో ఎవరు చేర్చుకుంటారు? ఆ గది చాలావరకు శిక్ష పడినవారికే.

మొత్తం ఖైదీలలో మహిళలు దాదాపు 4 శాతం. తక్కువమంది కావడమే వారికి శాపమైంది. ప్రత్యేక మహిళా జైళ్లు అన్నిచోట్లా లేవు కాబట్టి చాలామంది మగవారి జైళ్లలోనే, గోడ కట్టి వేరుచేసిన బ్యారక్‌లో గడుపుతారు. మగవాడు జైలుకెళితే భార్యో తల్లో ములాఖత్‌కు వస్తుంది, పూచీకత్తుకు ఊరంతా తిరుగుతుంది. ఆడది వెళితే ఇంటి తలుపే మూసుకుంటుంది. బెయిలు మంజూరైనా జామీను ఇచ్చే దిక్కులేక లోపలే ఉండిపోయేవారున్నారు. ఇలాంటి పేద విచారణ ఖైదీలకు డబ్బు సాయం చేసే కేంద్ర పథకం 2023లో వచ్చింది. బ్యారక్‌లో ఉన్న మనిషికి ఆ సంగతి చెప్పేదెవరు?

పిల్లల గతి మరొకటి. ఆర్.డి. ఉపాధ్యాయ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ కేసులో సుప్రీంకోర్టు 2006లో ఆరేళ్లలోపు పిల్లలు తల్లితో జైల్లో ఉండవచ్చని చెప్పింది. ఆరు నిండిన బిడ్డను బంధువులు తీసుకోకపోతే హాస్టలే గతి. విడుదలైన తల్లి ముందుగా వెతుక్కునేది ఉద్యోగం కాదు, ఆ బిడ్డను తెచ్చుకోవడానికి ఒక గది. అద్దెకిచ్చేవారు ‘ఇన్నాళ్లూ ఎక్కడున్నావు?’ అని అడుగుతారు. అక్కడ జైల్లో ఇచ్చిన శిక్షణ సర్టిఫికెట్ పనికిరాదు. చేతిలో డబ్బు లేక, తలదాచుకునే చోటు లేక, పాత సావాసాలకే తిరిగి చేరితే ఆమె మారలేదని తేల్చేయడం మనకు సులువు.

హైదరాబాద్ చంచల్‌గూడ జైలు దగ్గర మహిళా ఖైదీలు నడిపే పెట్రోలు బంకు నాకు నచ్చేది ఇందుకే. విడుదలైనవారికి కూడా అక్కడ చోటు దొరికింది. గతం దాచుకోనక్కర్లేదు, నెల జీతం చేతికొస్తుంది. అయితే అలాంటి బంకులు ఎన్ని పెట్టగలం?

రెండు తెలుగు రాష్ట్రాలలోనూ ఊరూరా పొదుపు సంఘాలున్నాయి. బ్యాంకుతో లావాదేవీలు, అప్పు తీర్చే క్రమశిక్షణ, నెలనెలా సమావేశాలు అన్నీ సిద్ధంగా ఉన్నాయి. విడుదలకు ముందే జైలు సంక్షేమాధికారి ఆ సంఘాల మండల సమాఖ్యతో మాట్లాడి, ఒప్పుకున్న సంఘంలో ఖైదీని చేర్పించవచ్చు. సభ్యులు వెనకాడటం సహజమే. ఆమె బాకీ పడితే సంఘం మొత్తానికి అప్పు పుట్టదు. అందుకే మొదటి అప్పుకు ప్రభుత్వమే పూచీ పడాలి.