తలలు లెక్కపెట్టారు సరే, దేనితో భాగించారు?

గ్రూప్స్ పరీక్షలకు చదివినవాళ్లను అర్ధరాత్రి లేపి అడగండి: 2011 లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లింగ నిష్పత్తి అన్నిటికన్నా ఎక్కువున్న జిల్లా ఏది? కళ్లు తెరవకుండానే చెబుతారు, నిజామాబాద్, 1,040 అని. బిట్టు బ్యాంకుల పుణ్యమా అని ఆ అంకె ఒక తరానికి కంఠతా వచ్చేసింది. వెయ్యిమంది మగవాళ్లకు 1,040 మంది ఆడవాళ్లు. అప్పటికి దేశం సగటు 943. ఇంకేం, ఆ జిల్లాలో ఆడపిల్లకు ఆదరణ ఎక్కువని వ్యాసాలు రాసినవాళ్లూ ఉన్నారు.

ఆర్మూరు వైపు బస్సెక్కి ఏ ఊళ్లో దిగినా అసలు సంగతి చెప్పేవాళ్లు దొరుకుతారు. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని తెలంగాణలో ఊరికే అనరు. మగవాళ్లు గల్ఫ్‌లో ఉన్నారు. ఆడవాళ్లు ఇంటి దగ్గర బీడీలు చుడుతున్నారు. లెక్కలు రాసేవాళ్లు వచ్చిన రోజుల్లో ఊళ్లో ఉన్నవాళ్లనే రాసుకుంటారు కాబట్టి దుబాయిలో ఉన్నవాడు ఆ కాగితంలో లేడు. ఆడవాళ్లు అంతేమందే, భాగించాల్సిన మగవాళ్లు తగ్గారు. ఆడపిల్లకు ఆదరణ ఉందో లేదో తెలియాలంటే చూడాల్సిన అంకె వేరే ఉంది. ఆరేళ్ల లోపు పిల్లలు దుబాయి వెళ్లరు కదా. ఉమ్మడి రాష్ట్రం మొత్తమ్మీద లింగ నిష్పత్తి 993 ఉంటే, ఆరేళ్ల లోపు పిల్లల్లో అది 939. పదేళ్ల కింద 961. ఈ పడిపోవడం గురించి బిట్టు బ్యాంకులు అంత శ్రద్ధగా అడగవు.

జనాభా భూగోళం అన్న పాఠంలో సగం భిన్నాలే. సాంద్రత, జననాల రేటు, మరణాల రేటు, లింగ నిష్పత్తి, పట్టణ జనాభా శాతం, అన్నిట్లోనూ పైన ఒక లవం, కింద ఒక హారం. మనం లవం మీద పడి కొట్టుకుంటాం. హారాన్ని పలకరించేవాడు ఉండడు.

జన సాంద్రతలో ఈ చోద్యం ఇంకా బాగా కనిపిస్తుంది. రాష్ట్రం విడిపోతున్నప్పటి హద్దులతో, 2011 జనాభా పెట్టి లెక్క కడితే ఆంధ్రప్రదేశ్‌లో చదరపు కిలోమీటరుకు 308 మంది, తెలంగాణలో 306 మంది. అంటే ఆంధ్ర ఒక పిసరు ఎక్కువ ఇరుకు. పోలవరం ముంపు మండలాలను ఆంధ్రలో కలిపాక అదే 2011 జనాభాతో మళ్లీ లెక్క కట్టండి: ఆంధ్ర 304, తెలంగాణ 312. ఈసారి ఇరుకు తెలంగాణది. ఈ మధ్యలో ఒక్క మనిషి కూడా మూటాముల్లె సర్దుకోలేదు. మ్యాపు మీద గీత కదిలింది, అంతే. అటు నుంచి ఇటు వచ్చిన నేల 2,760 చదరపు కిలోమీటర్ల పైచిలుకు, దాని మీదున్న జనం లక్షా తొంభై వేలు. చదరపు కిలోమీటరుకు డెబ్భై మంది కూడా లేరు. అడవి, గోదావరి పాయలు, కోయ, కొండరెడ్ల గూడేలు. అంత పలచని నేలను ఒకరి హారంలోంచి తీసి ఇంకొకరి హారంలో వేసేసరికి వరసే తారుమారైంది.

పైగా చదరపు కిలోమీటరుకు 312 మంది అన్న తెలంగాణ మీకు ఎక్కడా కనబడదు. 2011లో హైదరాబాద్ జిల్లా 217 చదరపు కిలోమీటర్లలో 18 వేల పైన సాంద్రతతో ఉంది. అప్పటి ఆదిలాబాద్ జిల్లా 16 వేల చదరపు కిలోమీటర్లలో 170 మందితో ఉంది. ఒకచోట అద్దె ఇల్లు దొరకదు, ఇంకోచోట అంబులెన్సు రావడానికి దారి దొరకదు. రెండు బాధలనూ కలిపి సగటు తీస్తే వచ్చేది ఎవరి బాధా కాదు.

అందుకే మొత్తం విస్తీర్ణంతో కాకుండా సాగుకు పనికొచ్చే భూమితో భాగించే లెక్క ఒకటుంది. పాఠ్యపుస్తకాలు దీనికి ఈజిప్టును చూపిస్తాయి: మ్యాపు మీద చూస్తే దేశం ఖాళీ, నైలు ఒడ్డున నిలబడితే కాలు పెట్టే చోటుండదు. మనకు అంత దూరం అక్కర్లేదు. 2011లో కృష్ణా జిల్లా సాంద్రత 518, అనంతపురానిది 213. అంకె చూస్తే కృష్ణాలో జనం ఒకరి మీద ఒకరు పడుతుండాలి, అనంతపురంలో హాయిగా ఉండాలి. ఏ బెంగళూరు కట్టడం దగ్గర అడిగినా కదిరి, మడకశిర పేర్లు వినిపిస్తాయి. వాన మొహం చాటేసే నేల మీద 213 మందే బరువు. రెండు పంటలు పండే నేల మీద 518 మందీ సర్దుకున్నారు.

ఆ డెల్టా కూడా మొదటినుంచీ అలా లేదు. 1832–33 నాటి నందన కరువులో గుంటూరు ప్రాంతం శవాల దిబ్బ అయింది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది, బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట 1855లో. నేల అదే, కృష్ణా గోదావరులూ అవే. నీళ్లు కాలవల్లోకి తిరిగాక అదే నేల ఎన్నో రెట్ల జనాన్ని మోసింది. జనాభా ఎక్కువైపోయింది అని ఎవరైనా నిట్టూరిస్తే, ఎన్ని ఎకరాలకు, ఎన్ని తడులకు అని అడగాలనిపిస్తుంది నాకు.

మరణాల రేటు ఇంకో తమాషా. 2020 నమూనా నమోదు లెక్కల్లో వెయ్యి జనాభాకు కేరళలో 7 మంది చనిపోతే బిహార్‌లో 5.4 మంది చనిపోయారు. ఇది చూసి వైద్యానికి బిహార్ వెళ్లమని ఎవరూ అనరు కదా. కేరళలో ముసలివాళ్లు ఎక్కువ, బిహార్‌లో పిల్లలు ఎక్కువ. హారంలో ఉన్నవాళ్ల వయసు చూడకుండా తీసిన రేటు అలాగే ఉంటుంది. వెయ్యి కాన్పులకు ఏడాది లోపు చనిపోయే పిల్లల్ని చూస్తే కేరళ 6, బిహార్ 27. ఇప్పుడు అసలు రంగు తేలింది.

ఇక రాజకీయాల్లో బాగా వేడెక్కిన అంకె దగ్గరికి వద్దాం. ఒక స్త్రీ జీవితకాలంలో సగటున ఎందరు బిడ్డల్ని కంటుందో చెప్పేది సంతానోత్పత్తి రేటు. తరానికి తరం సరిపోవాలంటే 2.1 ఉండాలి. తల్లికీ తండ్రికీ బదులు ఇద్దరు, పుట్టేవాళ్లలో మగపిల్లలు కొంచెం ఎక్కువ, కొందరు అమ్మాయిలు ఈడొచ్చేదాకా బతకరు, ఆ చిల్లరకు మరో పదోవంతు. తెలుగు రాష్ట్రాలు రెండూ 2020 నమూనా లెక్కల్లో 1.5 దగ్గర ఉన్నాయి. 1992–93లో మొదటి కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఉమ్మడి రాష్ట్రంలో అది 2.6. ఇద్దరికి మించి పిల్లలుంటే సర్పంచి పదవికి పోటీ పడకూడదని 1994లో ఉమ్మడి రాష్ట్రం చట్టం చేసింది. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ఆ నిబంధన ఎత్తేసింది. మరింతమందిని కనండి అని ముఖ్యమంత్రే చెప్పే రోజులొచ్చాయి.

ఇక్కడ రెండు వేరు వేరు భయాలను ఒకే గాటన కడుతున్నారని నా అభ్యంతరం. ముసలివాళ్లు పెరిగి పనిచేసే చేతులు తగ్గుతాయన్నది ఒక భయం. అది నిజమైనదే, కానీ దూరంలో ఉంది. రేటు 2.1 కింద పడిన మర్నాడే జనాభా తగ్గదు. పెళ్లీడుకొచ్చినవాళ్లు ఇంకా ఎక్కువమందే ఉంటారు కాబట్టి పగ్గం లాగాక కూడా బండి కొంతదూరం పోతుంది. లోక్‌సభ సీట్లు పోతాయన్నది రెండో భయం. దీనికీ ఉయ్యాలకూ సంబంధం లేదు.

1971లో దేశ జనాభాలో ఆంధ్రప్రదేశ్ వాటా 7.9 శాతం. 4.35 కోట్ల మంది. 1976లో 42వ రాజ్యాంగ సవరణతో రాష్ట్రాల సీట్లను ఆ లెక్క దగ్గరే కట్టేశారు. 84వ సవరణ ఆ ముడిని 2026 తర్వాత జరిగే తొలి జనగణన దాకా పొడిగించింది. 2011కు ఉమ్మడి రాష్ట్రం వాటా 7 శాతానికి దిగింది. 543 సీట్లనే ఆ వాటాతో పంచితే 42 కాస్తా 38 అవుతాయి. ఆ నాలుగు సీట్ల తేడా నలభై ఏళ్లపాటు మన అమ్మలు, అక్కలు ఆపరేషన్ క్యాంపుల ముందు వరసల్లో నిలబడి తెచ్చిన తేడా. ఇప్పుడు మూడో బిడ్డను కంటే ఆ నలభై ఏళ్లు వెనక్కి రావు.

అవతలివాడి మాటలోనూ న్యాయం లేకపోలేదు. 2011 జనాభాతో చూస్తే బిహార్‌లో 26 లక్షల మందికి ఒక ఎంపీ, మన దగ్గర 20 లక్షలకు, కేరళలో 17 లక్షల లోపే. బిహారీ ఓటు విలువ ఎందుకు తక్కువ అని అడిగితే, మేం తక్కువమందిని కన్నాం కాబట్టి అన్నది ఒక్కటే జవాబైతే నిలవదు. వాదించాల్సింది హారం గురించి. దీనికి దారి 15వ ఆర్థిక సంఘమే చూపింది. కేంద్ర పన్నులను రాష్ట్రాలకు పంచడంలో 2011 జనాభాకు 15 శాతం బరువు ఇస్తూనే, జనాభా అదుపు చేసినందుకు 12.5 శాతం వేరుగా పెట్టింది. ఆ రెండోదాన్ని కట్టిన తీరు చూడండి: 1971 జనాభా పైన, సంతానోత్పత్తి రేటు కింద. రేటు ఎంత చిన్నదైతే వాటా అంత పెద్దది. డబ్బు పంచడానికి పనికొచ్చిన ఆలోచన సీట్ల పంపకంలో కనీసం చర్చకైనా రాకూడదా? దాని జోలికి పోకుండా ఆడవాళ్ల ఒడి వైపు చూడటం తేలిక, అందుకే చూస్తున్నారు.

పట్టణం అంటే ఏమిటన్నదీ ఇలాంటి తగువే, కాస్త చిన్నది. మున్సిపాలిటీ కాకపోయినా మూడు గుర్తులుంటే జనగణనలో ఊరు పట్టణమవుతుంది: అయిదు వేల జనాభా, చదరపు కిలోమీటరుకు 400 సాంద్రత, పనిచేసే మగవాళ్లలో 75 శాతం వ్యవసాయం కాని పనుల్లో ఉండటం. మగవాళ్లలో, గమనించండి. మగవాళ్లు గల్ఫ్‌లో ఉండి, ఆడవాళ్లు వేల సంఖ్యలో బీడీలు చుట్టి బతికించే ఊరు ఈ తూకంలో ఎటు తూగుతుందో ఎవరూ సరిగ్గా చూడరు. ఆడవాళ్ల పని ఆ భిన్నంలో పైనా లేదు, కిందా లేదు.

మనిషిని ఎక్కడ లెక్కపెట్టాలన్నదే తేలని చోట భిన్నం గురించి ఇంకా ఏం చెప్పుకుంటాం. జనగణన జరిగేది ఫిబ్రవరిలో. పాలమూరు మేస్త్రీల వెంట వెళ్లిన కుటుంబాలు అప్పటికి ఏ పుణే దగ్గరో మట్టి మోస్తుంటాయి. వాళ్లు మళ్లీ ఊరి మొహం చూసేది మృగశిర కార్తె నాటికి. ఇంటికి తాళం, వాకిట్లో ఒక ముసలమ్మ. 2014 ఆగస్టు 19న తెలంగాణ సమగ్ర కుటుంబ సర్వే ఒక్కరోజులో జరిపినప్పుడు కథ తిరగబడింది. రాకపోతే రేషను పోతుందేమో, పేరే పోతుందేమో అని జనం రైళ్లు, బస్సులు కిక్కిరిసి ఊళ్లకు వచ్చిపడ్డారు. ఆ రోజు లెక్కలో ఊరికి ఉన్న జనం, ఫిబ్రవరి లెక్కలో ఉండే జనం ఒకటి కారు. 2024 నవంబరులో మొదలైన కులగణనలో తెలంగాణలో నమోదైనవాళ్లు 3.54 కోట్లు. 2011లో ఇప్పటి హద్దులతో చూస్తే 3.50 కోట్లు. పదమూడేళ్లలో నాలుగు లక్షలే పెరిగామా అని కొందరు లెక్కనే తప్పుపట్టారు. మూడు శాతానికి పైగా ఇళ్లు ఆ సర్వేలో చేరలేదు. పైగా రెండు లెక్కల తీరే వేరు. రెంటినీ పక్కపక్కన పెట్టి శాతాలు తీసినవాళ్లకు ఈ సంగతి పట్టలేదు.

ఇంకొకటి, వయసు. వయసుల వారీ బొమ్మ గీస్తే పిరమిడ్ నున్నగా రావాలి. మన దగ్గర అది రంపపు పళ్లలా వస్తుంది. నలభై, నలభై అయిదు, యాభై, యాభై అయిదు దగ్గర పొడుచుకొస్తుంది, నలభై ఒకటి దగ్గర లోపలికి పోతుంది. మనుషులు అయిదులు, పదుల లెక్కన పుట్టారని కాదు, వయసు అలా చెబుతారని.

2011 ఫిబ్రవరిలో మా బాబాయి టీచరుగా దివిసీమలో లెక్కలు రాస్తుంటే సంచి మోసే నెపంతో నేనూ వెంట తిరిగాను. ఒక పెంకుటింటి అరుగు మీద చేపలు తోముకుంటున్న ఆవిణ్ని వయసెంతమ్మా అని అడిగాడు.

"రేషను కార్డులో అరవై రెండుంది, పింఛను పుస్తకంలో అరవై ఏడుంది. అరవై ఏసుకో అబ్బాయ్."

"అలా కాదమ్మా. తుపానొచ్చినప్పుడు ఎంత ఉంటావ్?"

దివిసీమలో తుపాను అంటే ఒక్కటే, 1977 నవంబరు 19.

"పెద్దాడు చంకలో ఉన్నాడు. ఈ చేత్తో వాణ్ని, ఈ చేత్తో తాడిచెట్టుని పట్టుకున్నా."

"పెళ్లయిన ఎన్నేళ్లకు పుట్టాడు?"

"నాలుగేళ్లకి. పెళ్లప్పుడు పదిహేను దాటాయి."

బాబాయి పెన్ను మూతి నోట్లో పెట్టుకుని లెక్క కట్టాడు. పదిహేనూ నాలుగూ పంతొమ్మిది, చంకలో బిడ్డ అంటే ఇంకొక ఏడాది, ఇరవై. అప్పటినుంచి ముప్పై మూడేళ్లు నిండాయి. యాభై మూడు, పోనీ యాభై నాలుగు. ఆవిడేమో అరవై అంటోంది. చేతిలో ఇంకా నలభై ఇళ్లున్నాయి, ఎండ ముదురుతోంది.

యాభై అయిదు అని రాసి పక్కింటికి నడిచాడు.