టీ తాగారు కాబట్టి ఒప్పుకున్నట్టే

మా ఊరి చెరువు అభివృద్ధి ప్లాన్‌ని నేను "హర్షం వ్యక్తం చేస్తూ" ఆమోదించానట. ఈ విషయం నాకు మొన్న శుక్రవారమే తెలిసింది. నాకు గుర్తున్నంతవరకు నేను ఆ ప్లాన్ మీటింగులో చేసిన పని ఒకటే, పేపర్ కప్పులో ఒక టీ తాగడం, అదీ మూడు గుక్కలు, చక్కెర మరీ ఎక్కువైందని పక్కాయనతో అన్నాను కూడా, ఆ మాట మాత్రం మినిట్స్‌లో ఎక్కడా రాయలేదు.

దాన్ని ప్రజాభిప్రాయ సేకరణ అంటారు. మెసేజ్ ముందురోజు రాత్రి తొమ్మిదింటికి వాట్సాప్ గ్రూపులో, రెండు గుడ్ నైట్ పువ్వుల మధ్య వచ్చింది. మీటింగ్ మంగళవారం పదకొండింటికి. మంగళవారం పదకొండింటికి పనిలేని ప్రజలు ఎవరుంటారో మీకు తెలుసు, పెన్షనర్లం. కాబట్టి మా ఊరి రాబోయే 20 ఏళ్ళ భవిష్యత్తు గురించి అభిప్రాయం చెప్పడానికి, రాబోయే 20 ఏళ్ళు ఉంటామో లేదో గ్యారంటీ లేని వాళ్ళమంతా తెల్ల చొక్కాలేసుకుని వెళ్ళాం.

ఇక రిజిస్టర్ దగ్గరికి వద్దాం, ఎందుకంటే అసలు ప్రజాస్వామ్యం అక్కడే ఉంది. గుమ్మంలోనే టేబుల్, దాని మీద పొడుగు రిజిస్టర్, వెనక ఒక కుర్రాడు. ఆ కుర్రాడి వెనక టీ ఫ్లాస్కు. సంతకం పెడితేనే టీ. "ఎందుకు బాబూ సంతకం" అంటే "టీ లెక్క చూపియ్యాలె సార్" అన్నాడు. సరే లెక్కంటే లెక్కే కదా అని పేరు, ఇంటి నంబరు, ఫోన్ నంబరు, సంతకం అన్నీ ఇచ్చా, బ్యాంకు లోనుకి కూడా నేను అంత త్వరగా పెట్టలేదు. లోపల నేను లెక్కపెట్టాను, కుర్చీల్లో మనుషులు 23 మంది. రిజిస్టర్లో సంతకాలు 61. మిగతా 38 సంతకాల్లో ఎవరెవరున్నారంటే ఫోటోలు తీసే అబ్బాయి, మైక్‌సెట్టు అతను, ఆయన అసిస్టెంటు, ఫంక్షన్‌హాల్ వాచ్‌మన్, వాచ్‌మన్ బామ్మర్ది, పక్కన సెల్ షాపులో ఉండే ముగ్గురు, రెండోసారి టీ కోసం రెండోసారి సంతకం పెట్టిన మా పెన్షనర్లు. ఒకాయన మూడుసార్లు పెట్టాడు, ఆయనకి షుగర్ ఉంది పాపం, ఇంట్లో ఇవ్వరు. టీకే 61 అయితే బిర్యానీ పెట్టుంటే ఊరు ఊరంతా ఏకగ్రీవంగా ఆమోదించి ఉండేది.

లోపల ముందురోజు ఎవరిదో బర్త్‌డే ఫంక్షన్ అయినట్టుంది, స్టేజీ వెనక బెలూన్లు అలాగే ఉన్నాయి, వాటి మధ్యలోనే ప్రొజెక్టర్ తెర. ప్లాన్ మొత్తం ఇంగ్లీషులో. బొమ్మలో మా చెరువు నీలంగా మెరుస్తోంది (మా చెరువు నీలంగా ఉండడం నేను పుట్టి బుద్ధెరిగాక చూళ్ళేదు, గుర్రపుడెక్కతో ఆకుపచ్చగా ఉంటుంది, ఎండాకాలం నల్లగా), కట్టమీద ఎవరో తెల్లదొరలు కుక్కల్ని పట్టుకుని నడుస్తున్నారు, ఎక్కడివో విదేశీ చెట్లు, అన్నిటికీ మించి ఐ లవ్ అని ఊరి పేరుతో ఆరడుగుల అక్షరాలు. ప్రతి ఊరికీ ఇదొకటి పట్టుకుంది, ముందు మినీ ట్యాంక్‌బండ్, దానిమీద ఐ లవ్, దానిముందు సెల్ఫీ. ఊరిని ప్రేమిస్తున్నామని ఇంత పెద్ద అక్షరాలతో చెప్పుకోవాల్సి వచ్చిందంటేనే అనుమానించాలి.

రైల్వేలో రిటైరైన పెద్దాయన లేచి "సార్, మూడు కాలనీల మోరీ నీళ్ళు చెరువులోకే వస్తున్నాయి, వాటిని ముందు ఆపుతారా?" అని అడిగాడు. కన్సల్టెంటు చాలా మర్యాదగా, "ఇది విజన్ సార్, మోరీలు వేరే డిపార్ట్‌మెంటు" అన్నాడు. ఇంకొకాయన బతుకమ్మ ఘాట్‌కి మెట్లు ఎక్కడ అని అడిగితే ఫేజ్ టూ అన్నారు. ఐ లవ్ అక్షరాలు ఏ ఫేజో ఎవరూ అడగలేదు, అడగక్కర్లేదు.

అప్పుడు ఒక అవ్వ వచ్చింది. ఆమె రజకుల బస్తీ నుంచి, తడి చీరతోనే. చెరువుకి ఆ మూల రేవు ఉంది, నలభై కుటుంబాలు దాని మీదే బతుకుతాయి, బొమ్మలో ఆ మూల ఫుడ్‌కోర్టు అని ఉంది. ఆమె ఒకటే మాట అడిగింది, "మేము బట్టలు ఏడ ఉతకాలె బిడ్డా?" "చివర్ల మాట్లాడుదువు గానీ కూసో అవ్వా" అన్నారు. చివర్లో ఫోటోలు దిగారు. ఆమె అప్పటికి వెళ్ళిపోయింది, బట్టల మూటలు రేవు దగ్గరే వదిలేసి వచ్చిందట మరి. ఆమె రిజిస్టర్లో సంతకం పెట్టలేదు, టీ కూడా తాగలేదు. చెరువు మీద బతికే మనిషి ఆ హాల్లో ఆమె ఒక్కతే. మత్స్యకార సొసైటీ వాళ్ళకి మెసేజే పోలేదు, మన వాట్సాప్ గ్రూపులో వాళ్ళు లేరుగా.

చట్టం లేదా అంటే బ్రహ్మాండంగా ఉంది. 1992లోనే 74వ రాజ్యాంగ సవరణ చేసుకున్నాం, 3 లక్షలు, ఆపైన జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలన్నాం. 2019 తెలంగాణ మున్సిపల్ చట్టం అయితే ఇంకా ఉదారంగా ఒక్కో వార్డుకి నాలుగు కమిటీలు ఇచ్చింది, యువతకొకటి, మహిళలకొకటి, సీనియర్ సిటిజన్లకొకటి, ప్రముఖులకొకటి, ఒక్కోదాంట్లో 15 మంది. అంటే మా వార్డులో 60 మంది ఉండాలి. నేను సీనియర్ సిటిజన్నే, నా కమిటీ ఎక్కడుందో చూపిస్తే నా ఖర్చుతో టీ పోయిస్తా, సంతకం కూడా అడగను.

నవ్వుకుంటున్నాం కానీ కామారెడ్డి గుర్తుందా? అక్కడా మాస్టర్‌ప్లాన్ ముసాయిదా పెట్టారు, అభ్యంతరాలకి గడువు ఇచ్చారు, కాగితం మీద అంతా రూల్ ప్రకారమే. తీరా చూస్తే పంట పండే పొలాలు ఇండస్ట్రియల్ జోన్ రంగులో ఉన్నాయి. 2023 జనవరిలో ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు, భూమి పోతుందన్న భయంతోనే అని తోటి రైతులు రోడ్డెక్కారు, కలెక్టరేట్ ముందు కూర్చున్నారు, పట్టణం బంద్ అయింది. జనవరి 20న కౌన్సిల్ కూర్చుని ఆ ముసాయిదా వద్దని తీర్మానం చేసింది. ఒక్క మీటింగులో అయిపోయింది! అంత తేలిగ్గా కొట్టేయగలిగిన రంగుని, వేసేముందు ఆ పొలంలో నిలబడి ఒక్కసారి అడిగితే ఏం పోయేది? ఏం పోయేదండీ, ఒక పూట డీజిలా? మనిషి చచ్చిపోతే గానీ అభిప్రాయం వినపడదా మీకు? 2024లో మూసీ ఒడ్డున కూడా అంతే, ముందు ఇళ్ళ గోడల మీద ఎర్రరంగుతో ఆర్‌బీ-ఎక్స్ (నదీగర్భంలో ఉంది, కూల్చేస్తామని గుర్తు) అని రాసి, తర్వాత కదా మాటలు మొదలైంది. పేదోడి అభిప్రాయం అడగడానికి వీళ్ళు పెన్ను తీసుకెళ్ళరు, పెయింటు డబ్బా తీసుకెళ్తారు.

సరే. బీపీ మాత్ర వేసుకున్నాను.

నిన్న రెండో విడత మీటింగ్ పెట్టారు. నేను రాత్రే గట్టిగా అనుకున్నా, ఈసారి మోసపోకూడదని. అదే టేబుల్, అదే కుర్రాడు, అదే ఫ్లాస్కు. సంతకం పెట్టి, పక్కనే చివరి గడిలో పెద్దక్షరాలతో "టీ తాగినందుకు మాత్రమే" అని రాశాను. కుర్రాడు చదివాడు, నన్ను చూశాడు, డ్రాయర్లోంచి వైట్‌నర్ తీసి నెమ్మదిగా దానిమీద పూశాడు.

"రిమార్క్స్ కాలమ్ ఆఫీసు వాళ్ళకి అంకుల్, మీరు రాయొద్దు" అన్నాడు, కప్పు చేతికిస్తూ.